మెరక కోసం రెండు ఓట్లు

మా వైపు ఇంటి స్థలం రెండుసార్లు కొనాలి. మొదట నేల కొనాలి, తర్వాత ఆ నేలమీద పొయ్యడానికి మట్టి కొనాలి. గోదావరి పాయల మధ్య సీమ కాబట్టి మెరకగా ఉన్న నేలంతా ఎప్పుడో కొబ్బరితోటలైపోయింది. అమ్మకానికి వచ్చేదల్లా వరి పండే పల్లం. వానాకాలంలో అక్కడ మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. రోడ్డుకంటే ఎత్తయ్యేదాకా మట్టి పోస్తేనే అది ఇంటికి పనికొస్తుంది. దాన్ని మెరక చెయ్యడం అంటారు. మెరక చెయ్యని స్థలం ఎంతున్నా కాగితం మీద స్థలమే.

తొంభైల నడుమకి మా అమలాపురం చుట్టుపక్కల నేల ధర మామూలు మనిషికి అందకుండా పోయింది. రాజోలు, మలికిపురం వైపు నుంచి గల్ఫు వెళ్ళిన ఆడవాళ్ళు పంపిన డబ్బు నేలమీదే పడేది. చమురు కంపెనీ ఉద్యోగులు వచ్చాక అద్దెలు కూడా ఎగిశాయి. నేను అప్పుడు పేపరుకి వార్తలు రాసేవాణ్ణి. టౌనుకి ఆనుకుని ఉన్న ఒక ఊళ్ళో, రిటైరైన లెక్కల మాస్టారి ఇంట్లో ఒక వాటాలో ఉండేవాళ్ళం. పేరుకి అది పంచాయతీ, బతుకంతా టౌనుదే.

ఆ ఇంటి పెరట్లో పెంకుటి గది ఒకటి ఉండేది. అందులో ఒక కొత్త జంట. అబ్బాయి మోటార్లు రివైండింగు చేసే షాపులో పనివాడు. అమ్మాయి అతనికి మేనత్త కూతురు, జాకెట్లు కుట్టేది. ఇద్దరికీ పాతికేళ్ళు లేవు. ఆ అమ్మాయి మిషను చప్పుడు ఆగిందంటే మా ఆవిడ, మాస్టారి భార్య ఇద్దరూ పెరటి వైపు చూసేవారు, ఒంట్లో బాగుందా లేదా అని. మాస్టారికి పిల్లల్లేరు. ఆ జంట మీద ఆయనకున్న ప్రేమంతా కసుర్ల రూపంలో బయటికి వచ్చేది. "అబ్బాయ్, ఆ సైకిలు దొడ్డిగుమ్మానికి అడ్డంగా పెట్టకని ఎన్నిసార్లు చెప్పాలి?" అంటూనే ఆ సైకిల్ని తనే తీసి నీడలో పెట్టేవారు.

అలాంటి మాస్టారు ఒక మాఘమాసంలో వాళ్ళిద్దర్నీ పిలిచి, అరుగుమీద కూర్చోబెట్టి, చాలాసేపు రాబోయే ఎండల గురించి మాట్లాడారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"ఆ గది పడగొట్టి, పైకి రెండంతస్తులు వేద్దామనుకుంటున్నాను. పెన్షను చాలడం లేదు. కంపెనీ వాళ్ళు మంచి అద్దె ఇస్తామంటున్నారు. మీరు ఆషాఢం వచ్చేలోగా చూసుకోండి. ఆషాఢంలో ఇల్లు మారకూడదు కదా."

అబ్బాయి "ఆయ్, అలాగేనండి" అన్నాడు.  లోపల మాస్టారి భార్య గిన్నెలు కడుగుతూ, అవసరమైన దానికంటే ఎక్కువ చప్పుడు చేశారు.

వాళ్ళకి స్థలం లేకపోలేదు. అంతకు రెండు వానాకాలాల ముందు ఊరవతల వరిచేలో సర్కారు ఇచ్చిన ఇళ్ళ పట్టాల్లో వాళ్ళకీ ఒకటి వచ్చింది. సెంటున్నర. మట్టి పడితే పాక వేసుకుని వెళ్ళిపోవచ్చు. మట్టి పడకపోతే మళ్ళీ ఏ పెంకుటి గదో వెతుక్కోవాలి, అదీ ఇప్పటి అద్దెకి ఎక్కడా దొరకదు. ఆషాఢంలోగా ఆ సెంటున్నర మెరక అవుతుందా అవదా అన్నదే ఆ ఏడాది వాళ్ళ బతుకులో ఉన్న ఒకే ఒక్క ప్రశ్న.

ఇక్కడ మావాళ్ళు చేసిన పని ఒకటి చెప్పాలి. కోనసీమ మనిషికి జానెడు నేల చేతికొస్తే ముందు కొబ్బరిమొక్క పెడతాడు, తర్వాతే మిగతా సంగతి ఆలోచిస్తాడు. మొక్క ఉంటే మనిషి ఉన్నట్టే, ఎవరూ ఆక్రమించరని ఒక ధీమా. ఇల్లు కట్టేనాటికి కాపుకొస్తుందని ఒక ఆశ. పట్టాలు చేతికొచ్చిన వారంలోనే కాలనీలో ప్రతి ఒక్కరూ నాలుగు మూలలా నాలుగు మొక్కలు పెట్టేశారు. నీళ్ళల్లో కుళ్ళకుండా ఒక్కో మొక్క కింద ఒక్కో మట్టి దిబ్బ వేశారు. రెండేళ్ళలో అవి నడుమెత్తు పెరిగాయి. ఇళ్ళ స్థలాలిస్తే తోటలేశారని టౌనులో నవ్వుకునేవారు. మనిషి పడుకునే చోటు లేదు గానీ, కొబ్బరాకుల నీడ మాత్రం దండిగా ఉండేది.

ఆ వేసవిలో పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయన్నారు. మా ఊళ్ళో సర్పంచిని ప్రెసిడెంటుగారనే అంటారు. అప్పటి ప్రెసిడెంటు పెద్దాయన, కొబ్బరికాయల వ్యాపారి. మాటమీద నిలబడే మనిషే. నోటిఫికేషను రేపో మాపో అనగా నానా తంటాలూ పడి, గోదావరి లంకల నుంచి ఒండ్రుమట్టితో ట్రాక్టర్లు తోలించారు. మొదటి వరసలో మట్టి పడుతోందని తెలిసి, వార్త రాద్దామని నేనూ వెళ్ళాను.

మొదటి వరసలో స్థలాలున్నవాళ్ళు ఊళ్ళో లేరు, కూలికి వెళ్ళారు. వాళ్ళ మొక్కలు మొవ్వుల దాకా మట్టిలో కూరుకుపోయాయి. నడినెత్తిన కొత్తాకు మొలిచే ఆ మొవ్వు కప్పడిపోతే కొబ్బరి చచ్చినట్టే. అది చూసి రెండో వరస ఆడవాళ్ళు ట్రాక్టరుకి అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళలో మా పెరటి అమ్మాయి ముందుంది.

"మొక్కలు తీసుకున్నాక పోద్దురుగాని, ఒక్కరోజు ఆగండి బాబూ" అంటోంది.

"ఇల్లు కావాలా, మొక్క కావాలా?" అన్నాడు ట్రాక్టరు డ్రైవరు.

"రెండూ కావాలి. మీ ఇంట్లో కొబ్బరిచెట్టు లేదేంటి?"

"మా ఇంట్లో ఇల్లు కూడా ఉందమ్మా."

అందరూ నవ్వారు గానీ ఎవరూ పక్కకి జరగలేదు. ఇంతలో పెద్దాయనే వచ్చారు. ఆయన కూడా కొబ్బరి మీద బతికే మనిషే కాబట్టి, కూరుకుపోయిన మొవ్వులు చూసి ముందు ఆయన ప్రాణమే ఉసూరుమంది. "సరే, రేపు పొద్దున్నకి తీసేసుకోండి" అని ట్రాక్టర్లని వెనక్కి పంపేశారు.

ఆ రేపు రాలేదు. పొద్దున్నే నోటిఫికేషను వచ్చింది. ఎన్నికలయ్యేదాకా పనులేవీ చెయ్యకూడదని మండలాఫీసు నుంచి మనిషి వచ్చి చెప్పి వెళ్ళాడు. అప్పటికే తవ్వి తీసిన మొక్కల్ని అందరూ మళ్ళీ గుంటల్లో పెట్టేసి నీళ్ళు పోశారు. నాలుగు మొక్కల కోసం మట్టి పోగొట్టుకున్నాం అని అబ్బాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అమ్మాయి మిషను మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది. అది మరీ ఎక్కువ బాధగా ఉండేది వినడానికి.

పెద్దాయనకి పోటీగా నిలబడిన మనిషి ఎరువుల కొట్టు యజమాని, వయసులో చిన్నవాడు. ప్రచారానికి కాలనీకి వచ్చినప్పుడు అందరూ ఒకటే అడిగారు, మట్టి ఎప్పుడు పోస్తారని. ఆయన వెంటనే పోస్తానని అనలేదు. "ముందు ఆ మొక్కల సంగతి తేల్చండి. మొక్కలుంటే నేను పొయ్యను, లేకపోతే పోస్తాను. నన్ను తిట్టుకున్నా పర్వాలేదు" అన్నాడు. పెద్దవాళ్ళకి ఆ మాట మింగుడు పడలేదు. కుర్రవాళ్ళలో మాత్రం అక్కడే చీలిక వచ్చింది.

మా పెరట్లో కూడా వచ్చింది. ఆ సాయంత్రం వాళ్ళ వాదన మా వంటింటి కిటికీలోంచి వినపడుతూనే ఉంది.

"తెచ్చినాయన్ని వదిలేసి తెస్తానన్నాయనకి వేస్తామా? ట్రాక్టర్లు కళ్ళతో చూసేం కదా" అంటున్నాడు అబ్బాయి.

"తెచ్చేరు బావా, కాదనను. మనం అడ్డం పడితే తీసుకుపోయేరు కూడా. మనం ఏడిస్తే ఆయన కరిగిపోతారు. మంచాయనే. కానీ మంచితనానికి మెరక అవ్వదు."

"అయితే ఆ ఎరువులాయనకా? ఆయన కొట్లో బస్తాకి అరకిలో తక్కువుంటాదని మా నాన్నంటాడు."

"మీ నాన్న తూకం వేసేడా?"

"నువ్వు వేసేవా?"

 తర్వాత అమ్మాయి గొంతు, నవ్వు కలిసి వచ్చింది.

"ఒక పని చేద్దాం. నువ్వు నీ ఇష్టమైనాయనకి వెయ్యి, నేను నా ఇష్టమైనాయనకి వేస్తాను. ఎవరు నెగ్గినా మనింట్లో ఒకరం వాళ్ళ మనిషి అవుతాం. నెగ్గినాయన దగ్గరికి వాళ్ళ మనిషే వెళ్ళి అడగాలి. రెండోవాళ్ళు నోరెత్తకూడదు."

ఇది వినడానికి ఇప్పుడు మామూలుగా ఉంటుంది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఓటు మనిషిది కాదు, ఇంటిది. 'ఆ ఇంటివి ఆరు ఓట్లు' అనేవారు గానీ ఆ ఇంట్లో ఎవరి ఓటు ఎటని ఎవరూ అడిగేవారు కాదు. ఇంటాయన ఎటంటే అటు. మాస్టారైతే అద్దెకున్నవాళ్ళ ఓట్లు కూడా ఇంట్లోనే కలిపి లెక్క వేసుకునేవారు. పోలింగు రోజు పొద్దున్నే అందరికీ కాఫీ ఇప్పించి, ఇస్త్రీ పంచె కట్టుకుని, మమ్మల్నందర్నీ వెంటబెట్టుకుని నడిచేవారు. ఎవరికి వెయ్యాలో నోటితో చెప్పేవారు కాదు. "అనుకున్నట్టేగా?" అనేవారు. మేమందరం తలూపేవాళ్ళం. లోపల ఎవరేం చేశారన్నది మాలో మేము కూడా అడిగేవాళ్ళం కాదు.

ఈ అమ్మాయి ఆలోచన మాత్రం గుట్టుగా ఉండలేదు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకి చెప్పింది. వాళ్ళు వాళ్ళ మొగుళ్ళకి చెప్పారు. వారం తిరిగేసరికి కాలనీలో కొత్తగా పెళ్ళయిన జంటలన్నీ ఓట్లు పంచేసుకుంటున్నాయని ఊరంతా పాకింది. ఒక ఆటో డ్రైవరు కుర్రాడు, పెళ్ళి కానివాడు, తనకి ఒకటే ఓటుందనీ, అందుకైనా పెళ్ళి చెయ్యమనీ వాళ్ళమ్మతో గొడవ పెట్టుకున్నాడు.

పోలింగు రోజు కాఫీల దగ్గర మాస్టారు ఆ అమ్మాయి వైపు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఏమ్మా, నేను విన్నది నిజమేనా? ఒకే పొయ్యి మీద వండుకు తింటూ రెండు వైపులా ఓట్లా? కాపురం నిలబడుతుందా అలాగ?"

"కాపురం నిలబడ్డానికి చోటు కావాలి కదండీ మాస్టారు. దానికోసమేనండి."

మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు. చోటు అన్నమాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అమ్మాయికి అది అర్థమై, "అయ్యో, మిమ్మల్ననలేదండి" అంది కంగారుగా. "తెలుసులే" అన్నారాయన. ఆ రోజు నడకలో 'అనుకున్నట్టేగా' అని ఆయన అడగలేదు. జంట మాత్రం పోలింగు బూతు గుమ్మం దాకా, చేతులు పట్టుకోలేదన్న మాటే గానీ, అంత దగ్గరగా నడిచారు. అటొకరు ఇటొకరు క్యూల్లోకి వెళ్ళేటప్పుడు అబ్బాయి వెనక్కి తిరిగి, "మాట తప్పవు కదా?" అన్నాడు. "నువ్వు తప్పకు" అంది.

ఎరువుల కొట్టాయన కొద్దిలో నెగ్గాడు. కాలనీ ఓట్లు సగానికి సగం చీలిపోయాయని లెక్కింపు దగ్గర కూర్చున్నవాళ్ళు తలలు పట్టుకున్నారు. అది మట్టి మీద కోపమా, మొక్కల మీద ప్రేమా అని నన్ను కూడా అడిగారు. నా వార్తలో మాత్రం 'యువత ఓటు ఎటో అంతుపట్టలేదు' అని రాసి ఊరుకున్నాను. అంతుపట్టినది రాస్తే ఎవరూ నమ్మరు.

ఒప్పందం ప్రకారం అడగాల్సింది అమ్మాయి. జ్యేష్ఠం వచ్చేసింది. ఒకరోజు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి, "అన్నయ్యగారూ, మీరు కూడా వస్తారేంటండి? పేపరాయన పక్కనుంటే కుర్చీ వేస్తారు" అంది. వెళ్ళాను. కుర్చీ నాకే వేశారు, వాళ్ళు నిలబడే ఉన్నారు.

కొత్త ప్రెసిడెంటు అరుగుమీద జనం బాగానే ఉన్నారు. ఈ అమ్మాయి నోరు విప్పేలోగానే ఆయన పక్కనున్న ఒకాయన అందుకున్నాడు.

"కాలనీయా? మీరు వెయ్యలేదు కదమ్మా మాకు. సగం అటే పడ్డాయి."

"సగం ఇటు కూడా పడ్డాయి కదండీ. నేను వేసేనండి."

"అందరూ అలాగే అంటారు."

"మా బావ వెయ్యలేదండి" అంది, పక్కనున్న మొగుణ్ణి చూపించి.

అరుగుమీదవాళ్ళందరూ ఇటు తిరిగారు. నెగ్గినవాడి ఇంటికి వచ్చి వెయ్యలేదని చెప్పుకున్న మనిషిని ఆ ఊళ్ళో అంతవరకూ ఎవరూ చూడలేదు. ప్రెసిడెంటు అబ్బాయి వైపు తిరిగాడు.

"నిజమేనేంటయ్యా?"

అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. నోరెత్తకూడదన్న ఒప్పందం గుర్తొచ్చి భార్య వైపు చూశాడు. ఆమె తలూపాక, "ఆయ్, వెయ్యలేదండి" అన్నాడు.

"ఎందుకు?"

"పెద్దాయన ట్రాక్టర్లు తెచ్చేరు కదండీ. తెచ్చినాయన్ని ఎలా కాదంటామండి."

ప్రెసిడెంటు అమ్మాయి వైపు తిరిగాడు. "మరైతే సెంటున్నరలో మట్టి ఎంత పొయ్యాలి నేను?"

"నా సగం పోయించండి చాలండి. మా బావ సగం పెద్దాయన పోయిస్తారు" అంది అమ్మాయి, చాలా మర్యాదగా.

ముందు నవ్వింది ప్రెసిడెంటే. ఆ తర్వాత అరుగంతా నవ్వింది. "ఇంతమంది వచ్చి నీకే వేశాం, నీకే వేశాం అంటున్నారు, ఆ ఓట్లన్నీ కలిపితే ఊళ్ళో జనాభా కంటే ఎక్కువున్నాయి. వెయ్యలేదన్నవాడు నువ్వొక్కడివే దొరికావు" అని, అబ్బాయికి టీ తెప్పించాడు. అప్పుడే అతనికి కూడా కుర్చీ వచ్చింది. అమ్మాయికి మాత్రం ఎవరూ వెయ్యలేదు. ఆమె ఆ సంగతి పట్టించుకున్నట్టు లేదు. "మొక్కలు ఎల్లుండికి తీసేస్తామండి, మీరన్నట్టే" అంది.

తియ్యడం అంత తేలిగ్గా జరగలేదు. అబ్బాయి వాళ్ళ నాలుగింటినీ వేళ్ళు తెగకుండా మట్టిముద్దతో సహా లేవదీసి, కాలవగట్టున తెలిసినవాళ్ళ తోటలో పెట్టి వచ్చాడు. అమ్మాయి కళ్ళు తుడుచుకోలేదు గానీ, ఆ రోజు కుట్టిన జాకెట్టు చేతులు తారుమారు చేసింది. పక్క స్థలం ముసలాయన మాత్రం చచ్చినా తియ్యనన్నాడు. కుర్రవాళ్ళు బతిమాలారు, కొత్త ప్రెసిడెంటు వచ్చి బెదిరించాడు, ఓడిపోయిన పెద్దాయన కూడా వచ్చి నచ్చజెప్పారు. "ఓట్లడిగినప్పుడు మీ ఇద్దరిదీ చెరో మాట, నా మొక్కలు తియ్యమనడానికి మాత్రం ఇద్దరూ ఒకే మాట మీద వచ్చేరు" అని ఇద్దర్నీ కలిపి తరిమాడు. చివరికి ఆయన స్థలం వదిలేసి చుట్టూ మట్టి పోశారు. కాలనీ మధ్యలో అదొక్కటీ గుంటలా, నాలుగు కొబ్బరిమొక్కలతో, పచ్చగా మిగిలిపోయింది.

సర్కారు మట్టి రోడ్డు ఎత్తు దాకానే వచ్చింది. అంతకు మించి ఇవ్వడానికి డబ్బుల్లేవన్నారు. ఇంకో అడుగు ఎత్తు కావాలి. ఆ అడుగు ఎవరి సగంలోదని మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారు, నవ్వుతూనే. మాస్టారు గది పడగొట్టడం ఇంకా మొదలుపెట్టలేదు గానీ, దాని పక్క ఖాళీలో మేడకి పునాదులు తీయిస్తున్నారు. ఆ మట్టి బండి మీద వేయించి పంపారు. పంపిస్తున్నట్టు చెప్పలేదు. "ఇక్కడ పోస్తే దారికి అడ్డం" అని మాత్రం అన్నారు. ఆయన భార్య ఈసారి గిన్నెలు చప్పుడు చెయ్యలేదు.

ఆషాఢానికి నాలుగు రోజుల ముందు వాళ్ళు పాలు పొంగించారు. తాటాకు పాక, తడికెల గోడలు, మట్టి అరుగు. తలుపుకి బదులు గోనెపట్టా. పాలు పొంగినప్పుడు ఆ అమ్మాయి మొగుణ్ణి పక్కకి నెట్టి తనే ముందు చూసింది.

మాస్టారు అరుగుమీద చాపలో కూర్చుని పాయసం తింటూ, "ఇప్పుడు సొంతింటివాళ్ళయ్యారు. వచ్చేసారైనా ఇద్దరూ ఒకే వైపు వెయ్యండర్రా. చూసేవాళ్ళకి బాగుంటుంది" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు అబ్బాయి.

"తాటాకులు కదండీ మాస్టారు" అంది అమ్మాయి, ఆయన గ్లాసులో ఇంకో గరిటె వేస్తూ. "గోడలు లెగాలి, పైన స్లాబు పడాలి. హౌసింగు లోను ఎవరిస్తారో ఏంటో. స్లాబు పడ్డాక ఒకే వైపు వేస్తామండి."

"స్లాబు పడ్డాక మేడంటావు."

"మీ దగ్గర నేర్చుకున్నదేనండి."

మాస్టారు పాయసం మింగలేక నవ్వారు. ఆయన నవ్వడం ఆ ఏడాదిలో అదే మొదటిసారని ఆయన భార్య తర్వాత మా ఆవిడతో అన్నారట.

మేమింకా అక్కడుండగానే వాన మొదలైంది. ఆ ఏటికి మొదటి పెద్ద వాన. తాటాకుల మీద చప్పుడుకి మాటలు వినపడలేదు. ముసలాయన గుంటలోకి నీళ్ళు చేరాయి, తర్వాత రోడ్డు పక్క బోదె కాలవ నిండింది, తర్వాత రోడ్డే కనపడకుండా పోయింది. అబ్బాయి తువ్వాలు నెత్తిమీద వేసుకుని బయటికి వెళ్ళి, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, అరుగు చివర గొంతుక్కూచుని నీటి వైపే చూస్తున్నాడు. అమ్మాయి కూడా గరిటె పట్టుకునే వెళ్ళి అతని పక్కన నిలబడింది. నీళ్ళు అరుగు కిందికి వచ్చి, కాసేపు అక్కడే ఆడి, బోదె వైపు మళ్ళాయి.

"ఆగేయి బావా" అంది.

"ఇంకాసేపు చూద్దాం" అన్నాడు అతను.